మోసపోనివాని విదేశయాత్ర

విదేశమునకు బయలుదేరువానికి వీసా నొక రాయబార కార్యాలయమువారును, టిక్కెట్టు నొక విమానసంస్థవారును, అవసరమైనచో అప్పు నొక బ్యాంకువారును ఇచ్చెదరు గాని, ఉపదేశమును మాత్రము ఊరివారందరును ఉచితముగానే యిచ్చెదరు. చలికోటు కొనవలెనా అక్కరలేదా యను విషయమున మేనమామకును బావమరిదికిని మతభేదము కలుగవచ్చును. మందుబిళ్లలు ఏ పెట్టెలో సర్దవలెనను విషయమున ఇంటిలో రెండు పక్షము లేర్పడవచ్చును. కాని అచ్చటి టాక్సీవారిచేత మోసపోకుండుట యెట్లను ప్రశ్న వచ్చినప్పుడు, ఒక్కసారి దేశము దాటి వచ్చినవారందరును ఏకకంఠముతో పలుకు సిద్ధాంత మొక్కటియే: తెలివిగలవాడు మోసపోడు. ఆ తెలివిగలవాడెవ్వడని అడుగ నక్కరలేదు. చెప్పువాని ముఖముననే ఆ సంగతి వ్రాసియుండును.

ఈ సిద్ధాంతమున నిష్ఠ గలవానిని నేనిచ్చట చతురుడని పిలిచెదను. స్త్రీలలో ఇట్టివారు లేరని కాదు. తన గెలుపును నలుగురిలో చాటుకొను సౌకర్యమును లోకము పురుషునికే ధారాళముగా నిచ్చినది, అంతియే. చతురుని శాస్త్రమున సూత్రములు కొద్ది. కొత్తవాడవని కనబడకుము, ఇది ప్రథమ సూత్రము. రాత్రియంతయు విమానములో మోకాళ్లు ముడుచుకొని కూర్చుండి, తెల్లవారుజామున దిగి, నిద్రలేమిచే ఎర్రబారిన కన్నులతో, గుర్తునకై గుడ్డపీలికలు కట్టిన పెట్టెలను తోపుడుబండిపై పేర్చుకొని, పాస్‌పోర్టు సంచిని రొమ్మున వ్రేలాడదీసికొని, వెనుకనుండి భార్యయు నిద్దరు పిల్లలును "ఇప్పుడు ఎటు?" అని యడుగుచుండగా, ఆ ఊరిలోనే పుట్టి ఆ వీథులలోనే గోళీలాడినవానివలె ముఖము పెట్టవలెనట! ఆ ద్వారముకడ దిగువారి ముఖములను చదువుటయే జీవనాధారముగా గల దళారి, ఈ నటనకు లోబడి, "వీడు మనవాడే" యని తొలగిపోవునట! టాక్సీ ఎక్కిన తోడనే ఫోనులో పటము తెరిచి, దారి తెలిసినవానివలె అప్పుడప్పుడు తల యూపుము; ఇది రెండవ సూత్రము. పటములోని దారిని వదలి బండి మరియొక దారిని పోవుచున్నప్పుడు ఆ తల యెట్లూపవలెనో ఈ సూత్రమునకు భాష్యము లేదు. మూడవదియు, తక్కినవాని కెల్ల తలమానికమైనదియు, బేరము: వాడు చెప్పినదానిలో సగమునకు అడుగుము, ఒప్పుకొనకున్న నాలు గడుగులు నడిచిపొమ్ము, వాడే వెనుకకు పిలుచును.

ఈ మూడవ సూత్రమున మన హైదరాబాదు చతురునికి గల ధీమా అసామాన్యము. ఆటోకు మీటరుండియు, అది దేవుని పటమునకు ఆసరాగా తప్ప మరియొక ఉపయోగమునకు వచ్చుట అరుదైన నగరమున పెరిగినవాడు గనుక, "అమీర్‌పేటలో పాతికేళ్లు ఆటోవాళ్లతో బేరమాడినవాణ్ణి, నన్ను బ్యాంకాక్‌వాడేం చేస్తాడండీ?" అని అతడు మీసము దువ్వును. అమీర్‌పేటలో అతడు నెగ్గిన మాట నిజమే. కాని అచ్చట అతనిని నెగ్గించినది చాతుర్యము కాదు. అమీర్‌పేటనుండి కోఠికి న్యాయమైన కిరాయి ఎంతయో అతనికి ముందుగనే తెలిసియుండుట. ధర తెలిసినవాని పట్టుదలకును, తెలియనివాని పట్టుదలకును పైకి భేదము కనబడదు. ఇద్దరి గొంతులును ఒక్కటే స్థాయిలో లేచును. నాలుగువందలన్న దానిని రెండువందలకు దింపి జయభేరి మ్రోగించువానికి, మీటరు వేసియున్నచో నూటికే తెమిలెడిదని చెప్పువా రెవ్వరు? డ్రైవరు చెప్పడు; అతడు ఓడిపోయినవానివలె ముఖము చిన్నబుచ్చుకొని బండి నడుపుచుండును.

2023 నవంబరులో థాయ్ ప్రభుత్వము భారతీయులకు వీసా మినహాయించిన పిదప, ఆ దేశపు రాజధాని మన చతురులకు మరింత చేరువైనది. అచ్చట చావోఫ్రయా నదీతీరమున, మొదటి రాముడని ప్రసిద్ధుడైన రాజు 1782లో కట్టింప నారంభించిన మహాప్రాసాదము కలదు. దాని యావరణముననే మరకతబుద్ధుని యాలయము. ఆ విగ్రహము మరకతము కాదు, పచ్చని మరియొక జాతి రాయి. ఈ సంగతి నచ్చటివా రెవరును దాచరు. రత్నముల విషయమున ఆ పరిసరములలో వెల లేకుండ దొరకు సత్య మిదియే. ప్రాసాదపు ద్వారములు ఉదయము 8.30 గంటలకు తెరవబడును. విదేశీయునికి ప్రవేశరుసుము 500 బాత్‌లు. మూసియున్నదని చెప్పు అపరిచితులను నమ్మవలదని అచ్చట బోర్డులు కట్టియున్నారు, ధ్వనివర్ధకములలో చెప్పించుచున్నారు. ఇంతకంటె బిగ్గరగా చెప్పుట మానవసాధ్యము కాదు. అయినను చతురుడు బోర్డులను చదువడు. బోర్డులు తెలివితక్కువవారికొరకు వ్రాయబడునవి గదా!

ప్రాకారపు మలుపు తిరుగుచుండగా, ఇస్త్రీచొక్కా తొడిగి, మెడలో ఏదో గుర్తింపుచీటీ వ్రేలాడుచుండ, మర్యాదయే మూర్తీభవించెనో యనదగిన పెద్దమనిషి యొకడు ఎదురై, నేడు బౌద్ధుల పుణ్యదినమనియు, మధ్యాహ్నమువరకు విదేశీయులకు ప్రవేశము లేదనియు, ఎంతయో నొచ్చుకొనుచు చక్కని ఇంగ్లీషులో తెలియజేయును. నొచ్చుకొని ఊరకుండక, మన కాలము వ్యర్థము కాకుండుటకై దారియు చూపును: ఇదిగో టుక్‌టుక్, మూడు గుడులు త్రిప్పి తెచ్చి మరల ఇచ్చటనే దింపును, 20 బాత్‌లు చాలును. ఇరువది బాత్‌లనగా మన యేబది రూపాయల పైచిలుకు. పూటంతయు ఊరు త్రిప్పి ఏబది రూపాయలు పుచ్చుకొను డ్రైవరు భూమండలమున నెచ్చటనైన కలడా, ఉన్నచో వాడు భోజన మెట్లు చేయుచున్నాడని, కోఠి కిరాయికి గంటసేపు తగవులాడిన ఆ నోరు ఒక్కమారైన అడుగదు; అడుగకపోగా, పదునైదుకు వచ్చునేమో యని బేరము మొదలుపెట్టును. డ్రైవరు గడ్డము గోకుకొని, ఆకాశమువంక చూచి, కట్టకడపట సరే యనును. చతురుడు భార్యవంక చూచును. గాలపు చివరి వానపామును నోట కరచుకొన్న చేపయు, ఆ క్షణమున, పొరుగు చేపవంక అట్లే చూచును కాబోలు.

మొదటి గుడి నిజమైన గుడియే. జనసంచారము లేని ఆ మండపమున, పూజ ముగించుకొని చెప్పులు తొడుగుకొనుచున్న మరియొక పెద్దమనిషి, ఒకనాడు వకీలు, ఒకనాడు ఉపాధ్యాయుడు, ఒకనాడు సెలవుపై వచ్చిన ఉద్యోగి, మాటలలో మాటగా, ప్రభుత్వమువారు ఏటికొక్క వారము పన్ను లేకుండ నీలముల నమ్మించెదరనియు, దానికి నేడే కడపటి దినమనియు, తాను పోయినయేట కొన్న రాళ్లను విదేశమున రెట్టింపునకు అమ్మి యాత్రాఖర్చు రాబట్టుకొంటిననియు చెప్పును. ఇతడు మొదటి పెద్దమనిషి నెరుగడు, టుక్‌టుక్‌వానివంక కన్నెత్తియైన చూడడు, మనకేదియు అమ్మడు, మన యొద్ద చిల్లిగవ్వ పుచ్చుకొనడు. ఇంతకంటె నిష్పక్షపాతమైన సాక్ష్యము ఏ న్యాయస్థానమున లభించును? ప్రభుత్వము నడుపు నీలముల యంగడి ఆ నగరమున లేనేలేదు. కాని లేని యంగడిని వేర్వేరు మనుష్యులు వేర్వేరు చోట్ల పొగడినప్పుడు, అది యున్నదని తర్కశాస్త్రమే తీర్పు చెప్పును. అంతలో చతురునికి మరియొకటి స్ఫురించును: ఏలినాటి శని పీడ తొలగుటకు నీలము ధరింపుమని ఇంటి జ్యోతిష్కుడు చెప్పి ఆరు నెలలైనది. గ్రహములు సైతము అనుకూలించుచుండగా వెనుకాడుట మూఢత్వము గదా!

అంగడిలో చల్లని గాలి, చల్లని పానీయము, గాజుబల్లక్రింద దీపకాంతి, కొన్న తోడనే చేతికి ధ్రువీకరణపత్రము. అచ్చటి రాళ్లన్నియు గాజుముక్కలని నే ననను. పెక్కుమార్లు అవి నిజమైన నీలములే. నాసిరకపు నీలములు, ఉత్తమజాతి నీలముల వెలకు. సొమ్మును కార్డుపై చెల్లించుటయు, కస్టమ్స్‌వారి కన్ను పడకుండ సరకును తపాలాలో ఇంటికి పంపించుటయు చతురుడు స్వయముగా మెచ్చుకొను జాగ్రత్తలు. సరకు తపాలాలో నున్నంతకాలము దానిని పరీక్ష చేయించు అవకాశము తనకు లేదని మాత్రము అతనికి తోచదు. ఇక ఆ టుక్‌టుక్‌వాడు పదునైదు బాత్‌లతో ఎట్లు బ్రతుకుచున్నాడని విచారించువారికి సమాధానము: దర్జీదుకాణమైన నేమి, నీలముల దుకాణమైన నేమి, విదేశీయునిచే గుమ్మము త్రొక్కించినందులకు అతనికి ఇంధనపు కూపనో, కమిషనో ముట్టుచుండును.

ఈ నాటకమును మొదటినుండి మరల పరికింపుడు. మోసకారి యెచ్చటను బలవంతము చేయలేదు. అడుగడుగునకు చతురుని బుద్ధి కొక చిన్న విజయము నందించుచు పోయినాడు. కిరాయి తగ్గించుకొనుట యొక విజయము. మూసియున్న ద్వారముకడ మూర్ఖులవలె నిలువబడకుండుట యొక విజయము. స్వతంత్రసాక్షి మాటతో మొదటి మాటను సరిచూచుకొనుట మరియొకటి. పన్ను తప్పించుట పరమవిజయము. నిజముగా తెలివితక్కువవాడు దీనిలో మొదటి మెట్టైన ఎక్కజాలడు. ఎవరేమి చెప్పినను అర్థము కాని మన నెల్లూరి ముసలమ్మ తిన్నగా ద్వారముకడకు పోయి, అది బార్లా తెరిచియుండుట చూచి, టిక్కెట్టు కొనుక్కొని లోపలికి పోవును. ఇంగ్లీషు రానందున ఆమెకు మోసపోవు అర్హతయే లేదు. చతురునికి ఇంగ్లీషు వచ్చును, లాభనష్టములు తెలియును, సాక్ష్యమును తూచుట తెలియును. ఆ పెద్దమనుషులు కానీ పెట్టుబడి లేకుండ నడుపు వ్యాపారమునకు మూలధన మతని తెలివియే.

తెలివియే కవచమైనచో, దానిని ధరించినవారిలో అగ్రగణ్యు డొకడు 2005లో ప్రాగ్ నగరమున పరీక్షకు నిలిచెను. అతడు ఆ నగరపు నాటి మేయరు పావెల్ బేమ్. టాక్సీలకు ధర కట్టు నగరసభకు పెద్ద. ఆ వీథు లెరిగినవాడు. ఆ భాష ఉగ్గుపాలతో నేర్చినవాడు. మన పాతకథలలోని రాజులు మారువేషముల నగరసంచారము చేసినట్లు ఈయనయు ఇటాలియను యాత్రికుని వేషము వేసికొని టాక్సీ ఎక్కగా, న్యాయమైన కిరాయికి పలురెట్లు ముక్కుపిండి వసూలు చేసిరి. ధర ఆయనకంటె నెరిగినవా డెవ్వడు? దారి యాయనకంటె నెరిగినవా డెవ్వడు? లోపలి మేయరును ఎవరును చూడలేదు; పైనున్న యాత్రికుని చూచిరి, చూచినదానికి వెల కట్టిరి. చతురుడు తల యూపియు పటము తెరిచియు సాధింపదలచినది ఆ నగరాధిపతికే సాధ్యము కాలేదు. ఆయన మాత్రము, తన నటన చాలలేదనియో, బేరము చాలలేదనియో చింతింపక, తనిఖీలను గూర్చియు జరిమానాలను గూర్చియు మాటలాడెను. ఈ తేడాను మన ఉపదేశకులు గమనింపరు.

మీటరు తప్పు తిరుగుట డ్రైవరులకు మాత్రమే చెల్లిన విద్య యనుకొనరాదు. 2010 మార్చిలో న్యూయార్కు టాక్సీ నియంత్రణ సంఘమువారు, నగరపు ఎల్ల దాటినప్పుడు మాత్రమే వేయదగిన రెట్టింపు ధరను డ్రైవరులు నగరములోనే మీటరుపై నొక్కి, 18 లక్షల ప్రయాణములలో 83 లక్షల డాలర్లు అధికముగా గుంజిరని ప్రకటింపగా, జనము ముక్కున వేలు వేసికొనిరి. మే నెల వచ్చునప్పటికి ఆ సంఘమువారే మరల లెక్కించి, ఆ ప్రయాణములు సుమారు 2,86,000 మాత్రమే యనియు, సొమ్ము సుమారు 11 లక్షల డాలర్లు మాత్రమే యనియు సవరించుకొనిరి. పదకొండు లక్షలును పాపమే, కాదనను. కాని డ్రైవరుల మీటరు రెండురెట్లు తిరుగగా, డ్రైవరులను పట్టుకొన్న మీటరు ఏడురెట్లకు పైగా తిరిగినది. దాని కెవరును జరిమానా వేయలేదు.

మోసమే లేని చోట చతురుడు సుఖపడునా యనగా, అదియును లేదు. టోక్యోలో టాక్సీ తలుపు దానంతట నదియే తెరుచుకొనును. మీటరు 500 యెన్‌లతో మొదలై చెప్పినట్లు నడుచును. పైన బహుమాన మిచ్చు ఆచారము లేదు. నరితా విమానాశ్రయమునుండి నగరము నడిబొడ్డునకు అదే నిజాయితీతో 20,000 యెన్‌లకు పైగా కాగలదు. లండనులో నల్లటాక్సీ నడుపగోరువాడు చేరింగ్ క్రాస్ చుట్టును ఆరుమైళ్ల మేర గల సుమారు 25,000 వీథులను కంఠస్థము చేసి పరీక్షకు నిలువవలెను. 1865 నుండి వచ్చుచున్న కట్టుబాటిది. ఏండ్ల తరబడి వీథులను వల్లించిన అట్టి ఘనపాఠి దారి తప్పింపడు. ధర మాత్రము చట్టసమ్మతముగనే చెమటలు పట్టించును. ఈ రెండు నగరములనుండి మరలివచ్చిన చతురుని యొద్ద కథ లేదు. "అబ్బే, ఖరీదెక్కువ" యని రెండు మాటలలో తేల్చి, అతడు మరల బ్యాంకాక్ కథ కెత్తుకొనును. ఓడించుటకు ప్రతిపక్షి లేనప్పుడు దిగ్విజయమెట్లు చెప్పుకొనును?

అతని నోట ఎన్నడును వినబడని సంగతులు కొన్ని కలవు. నీరసముగా నుండుటయే వాని నేరము. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయపు క్రింది యంతస్థున యంత్రమొకటి చీటీ నిచ్చును. చీటీపై నున్న అంకెగల చోట బండి యుండును. మీటరు 35 బాత్‌లతో మొదలగును. విమానాశ్రయపు అదనము 50 బాత్‌లు, రహదారి సుంకము ప్రయాణికునిదే. ఆ చీటీని డ్రైవరు చేతి కియ్యక జేబులో దాచుకొనుటయే సగము రక్షణ. న్యూయార్కు కెనెడీ విమానాశ్రయమునుండి మన్‌హటనుకు 70 డాలర్ల కట్టుధర, సుంకములు వేరు. పారిసులోను 2016 నుండి విమానాశ్రయపు కట్టుధరలు కలవు. ఊరిలో నున్నప్పుడు, హోటలు గుమ్మముకడ ఆగియున్న బండికంటె వీథిలో పోవుచున్న బండి మేలు. ఆగియున్నవాడు ఎవరికొరకు ఆగియున్నాడో తెలిసినదే. మీటరు చెడినదన్నచో దిగిపోవుటయే గాని చర్చ పనికిరాదు. పెద్దనోటు నిచ్చునప్పుడు దాని విలువను బిగ్గరగా చదివి యియ్యవలెను. ఇస్తాంబులు వంటి చోట్ల 200 లీరాల నోటు డ్రైవరు చేతిలో పడిన వెంటనే 20 లీరాల నోటుగా మారు ఇంద్రజాలము కలదు. చూచితిరా, వీనిలో నటన లేదు, వాదము లేదు, ఎవరిని గెలుచుటయు లేదు. వరుసలో నిలిచి చీటీ పుచ్చుకొనుట ముసలమ్మలకు తగినపని. చతురుడు ఆ వరుసను ప్రక్కనుండి చూచి జాలిపడి, పై యంతస్థులో ఇస్త్రీచొక్కా వెంట నడచిపోవును.

యాప్‌లు వచ్చిన పిదప ఇంక మోస మెక్కడిదని యనువారును కలరు. గ్రాబ్ వంటి యాప్‌లో ధర ముందుగనే కనబడుట గొప్ప మేలే. కాని బేరము పుట్టుకతో వచ్చినవానిని యాప్ యేమి చేయగలదు? వచ్చిన డ్రైవరు, "ఫోనులో రద్దు చేయండి, నగదిస్తే తగ్గిస్తాను" అనునప్పటికే చతురుని వ్రేలు రద్దు మీటపై నుండును. బండి యెవరిది, పోవు దా రేది, ఒప్పుకొన్న ధర యెంత యను ఆధారములన్నియు ఆ నొక్కుతో నెగిరిపోవును; మిగిలినది చీకటిరోడ్డును, మూడు పెట్టెలును, పది శాతము లాభమును. (వాన చినుకు పడగనే అదే దూరమునకు రెట్టింపు చూపు యాప్‌ను మాత్రము ఎవరును మోసకారి యనరు. డ్రైవరు నోటితో అడిగినచో దురాశ. ఫోను తెర అడిగినచో గణితము.)

డ్రైవరుల పక్షమున ఒక్కమాట చెప్పవలెను. బ్యాంకాక్‌లో పెక్కుమంది టాక్సీవారు బండికి యజమానులు కారు; పూట కింతయని అద్దె కట్టి నడుపువారు. మీటరు ధరలు ఏండ్ల తరబడి కదలవు; కదలని వాహనముల నడుమ చిక్కుకొన్న నిమిషమునకు మీటరు విదిల్చునది బహుస్వల్పము. సాయంకాలపు రద్దీలో మీటరు వేయననువాడు రాక్షసుడు కాడు, లెక్క వచ్చినవాడు. ఇందువలన మనము కట్టవలసినది తగ్గదు గాని, మనలను దోచుటకై దేశమంతయు మేల్కొని కూర్చున్నదను చతురుని పురాణము మాత్రము కొంత తగ్గును.

టాక్సీపై ఫిర్యాదునకు 1584, యాత్రికుల పోలీసులకు 1155. ఈ రెండు అంకెలను చతురుడు బయలుదేరక మునుపే ఫోనులో భద్రపరచుకొనును, ఎన్నడును నొక్కడు. నొక్కినచో అవతలివారితో మొట్టమొదట "నేను మోసపోయినాను" అని చెప్పవలసి వచ్చును. ఆ వాక్యము ఇంగ్లీషులోను తెలుగులోను అతనికి నోరు తిరుగదు. అందుచేత అతడు నిశ్శబ్దముగా ఇల్లు చేరును. కొన్నాళ్లకు తపాలాలో నీలములును చేరును. వీథిచివరి నగల దుకాణదారుడు వానిని భూతద్దముతో చూచి, ఏమియు ననక, మెల్లగా పొట్లము కట్టి చేతి కిచ్చును. ఆతనికి రత్నపరీక్ష రాదని చతురుడు నిశ్చయించుకొనును. మరుసటి నెలలో థాయ్‌లాండునకు బయలుదేరు సహోద్యోగిని మధ్యాహ్నపు టీ వేళ ప్రక్కకు పిలిచి, పదునైదు బాత్‌లకు బ్యాంకాక్ చుట్టివచ్చిన వృత్తాంతము సాంతముగా వినిపించి, "నీలాలు కావాలంటే పన్ను లేని దుకాణం ఒకటుంది, నా పేరు చెప్పండి" అని అంగడి కార్డును అతని జేబులో పెట్టును. టుక్‌టుక్‌వానికైనచో ఆ మాత్రపు సేవకు ఇంధనపు కూపను ముట్టెడిది; చతురుడు దానిని పూర్తిగా ఉచితముగానే చేయుచున్నాడు.